పెద్ద కుక్క పని: గడి ముందు అల్సేషన్ నుంచి హౌన్స్‌లో ఇంటి దాకా

ఈ వారం ఎపిసోడ్ విన్నవాళ్ళకు ఇది తెలిసిన కథే. డ్యూటీలో ఉండి వినలేకపోయినవాళ్ళ కోసం మాటల్లో చెప్పిందే కాస్త సర్ది, అప్పుడు టైం చాలక వదిలేసిన సంగతులు కొన్ని కలిపి రాస్తున్నా.

నేనుండేది హౌన్స్‌లోలో. లండన్‌కు పడమటి కొస, హీత్రోలో దిగే విమానాలు మా ఇంటి పైకప్పుల మీదుగానే పోతాయి. ఈ ఊరి పేరులోనే కుక్క ఉంది. పాత ఇంగ్లీషులో 'హుండ్' అంటే కుక్క, 'హ్లావ్' అంటే దిబ్బ. కుక్క దిబ్బ అన్నమాట. కాదు, హుండ్ అనే మనిషి పేరు మీద వచ్చిందనేవాళ్ళూ ఉన్నారు. 1086లో విలియం రాజు రాయించిన భూముల లెక్క, డూమ్స్‌డే పుస్తకం, అందులో కూడా ఈ పేరు పాత రూపంలో కనబడుతుంది. ఇన్నేళ్ళుగా ఇక్కడుంటున్నా ఈ సంగతి నాకు తెలియదు. మా ఇంట్లో కుక్క గొడవ మొదలయ్యాకే తెలిసింది.

గొడవ ఏమిటంటే, దీపావళికి వారం ముందు మా వరుసలో రెండిళ్ళ అవతల దొంగలు పడ్డారు. పట్టపగలు, వెనక తలుపు విరగ్గొట్టి, పెళ్ళి బంగారం మొత్తం పట్టుకుపోయారు. మన దేశపు వాళ్ళ ఇళ్ళలో బంగారం ఉంటుందని ఇక్కడి దొంగలకు బాగా తెలుసు. పండుగలొస్తే జాగ్రత్త అని పోలీసులే చెబుతుంటారు. నేను పొద్దున ఆరుకు సైటుకు పోతే మళ్ళీ సాయంత్రం ఆరుకే. మా ఆవిడది ఎయిర్‌పోర్టులో మధ్యాహ్నం రెండు నుంచి రాత్రి పది దాకా డ్యూటీ. పదిహేనేళ్ళ పాప బడి నుంచి వచ్చాక ఇంట్లో ఒక్కతే. ఆ రాత్రి మా ఆవిడ నిద్రపోలేదు. "పొల్ల ఒక్కతే ఉంటది. ఒక పెద్ద కుక్కను తెద్దాం. కట్టేస్తే చాలు, మనిషి లోపలికి రాడు" అంది. పాప అయితే తెల్లారేసరికి ఫోన్‌లో రాట్‌వైలర్ పిల్లల వీడియోలు తీసి పెట్టింది.

నాకు మాత్రం పెద్ద కుక్క అనగానే మా బాపు కాలు గుర్తొచ్చింది.

మాది జగిత్యాల దగ్గర పల్లె. నేను పుట్టకముందు ముచ్చట ఇది. మా ఊరి దొర గడిలో ఒక అల్సేషన్ ఉండేది. పేరు టైగర్. దానికి పాలు పోయడం, కడగడం, తిప్పడం అన్నీ వెట్టి కిందే లెక్క. గడికి సున్నం వేసిన కూలి అడగడానికి మా బాపు పోతే గేటు తీసి ఉందట, గొలుసు లేదట. పిక్క పట్టుకుంది. తర్వాత జగిత్యాల దవాఖానాలో బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజెక్షన్లు. ఆ తరంవాళ్ళకు ఈ పద్నాలుగు అనే అంకె చెబితే చాలు, ఇప్పటికీ పొట్ట పట్టుకుంటారు. గొర్రె మెదడు నుంచి తయారుచేసే ఆ పాత మందు పద్ధతిని డేవిడ్ సెంపుల్ అనే బ్రిటిష్ డాక్టరు 1911లో కసౌలీలో కనిపెట్టాడు. మన దేశంలో 2000 సంవత్సరం దాటాక కూడా కొన్నేళ్ళు అదే వాడారు.

ఆ కూలి మాత్రం బాపుకు రాలేదు.

1978 సెప్టెంబర్ 7న జగిత్యాల జైత్రయాత్ర జరిగింది. వేలమంది రైతు కూలీలు వెట్టికీ, దొరల పెత్తనానికీ ఎదురు తిరిగి ఊరేగింపు తీశారు. ఆ తర్వాత ఆ చుట్టుపక్కల దొరలు చాలామంది ఊళ్ళు విడిచి కరీంనగర్‌కో, హైదరాబాద్‌కో పోయారు. మా దొర కూడా పోయాడు. సామాను బండ్లెక్కింది గానీ టైగర్ ఎక్కలేదు. ముసలిదైంది, పట్నంలో ఎందుకనుకున్నారేమో. మూసిన గేటు ముందు అది కొన్ని నెలలు కూర్చుంది. ఎవరొచ్చినా మొరిగేది, తర్వాత మొరగడం కూడా మానేసింది. మా అవ్వ చెప్పేది: దానికి గట్క పెట్టినవాళ్ళలో మా బాపు కూడా ఉన్నాడట. ఎందుకు పెట్టినవని అడిగితే బాపు ఇప్పటికీ జవాబు చెప్పడు.

ఇంతకీ 'అల్సేషన్' అనే మాట ఎక్కడిదనుకున్నారు? ఆ కుక్క జర్మన్ షెపర్డ్. మాక్స్ ఫాన్ స్టెఫానిట్జ్ అనే జర్మన్ గుర్రపు దళం కెప్టెన్ 1899లో గొర్రెల కాపరి కుక్కల్లోంచి ఒకదాన్ని ఎంచి, హోరాండ్ అని పేరు పెట్టి, దాని నుంచి ఈ జాతిని నిలబెట్టాడు. గొర్రెల మందలు తగ్గిపోతుంటే ఈ కుక్క బతకాలంటే కొత్త పని కావాలని ఆయనకు తెలుసు. అందుకే పోలీసుల వైపు, సైన్యం వైపు తిప్పాడు. మొదటి ప్రపంచ యుద్ధం అయ్యాక ఇంగ్లండులో జర్మన్ అనే మాట నోట పలకడానికి కూడా ఎవరూ ఇష్టపడలేదు. కుక్క కావాలి, పేరు వద్దు. ఫ్రాన్స్, జర్మనీ సరిహద్దులో ఉన్న అల్సాస్ ప్రాంతం పేరు తగిలించి అల్సేషన్ అన్నారు. 1977లో ఇక్కడి కెన్నెల్ క్లబ్ మళ్ళీ జర్మన్ షెపర్డ్ అనే పేరుకు ఒప్పుకుంది. మన ఊళ్ళలో మాత్రం ఇప్పటికీ అల్సేషనే. ఇంగ్లీషువాళ్ళ మొహమాటం ఒకటి మా ఊరి గడి దాకా వచ్చి అక్కడే ఉండిపోయింది.

పాప వీడియోలు చూసుకుంటూ పోతుంటే నేను ఒక్కో జాతి కథ చదవడం మొదలుపెట్టా. అన్నిటిలో ఒకే సంగతి తగిలింది. ఈ పెద్ద కుక్కలేవీ ఊరికే పెంచుకోవడానికి పుట్టినవి కావు. ఒక్కోటి ఒక ఉద్యోగం కోసం తయారైంది.

రాట్‌వైలర్ జర్మనీలో రాట్‌వైల్ అనే సంత ఊరి కసాయి వాళ్ళ కుక్క. పశువులను సంతకు తోలేది, బండి లాగేది, తిరిగొచ్చేటప్పుడు యజమాని డబ్బు సంచి దాని మెడకు కట్టేవాళ్ళట. రైళ్ళొచ్చి పశువులు వ్యాగన్లలో పోవడం మొదలయ్యాక దీని పని పోయింది, జాతి దాదాపు కనుమరుగైంది. 1910 ప్రాంతంలో పోలీసు కుక్కగా పనికొస్తుందని తేలాకే మళ్ళీ బతికింది. డాబర్‌మన్ కథ ఇంకా నవ్వొచ్చేది. అపోల్డా అనే ఊర్లో డాబర్‌మన్ అనే పన్ను వసూలు ఉద్యోగి, వీధి కుక్కలను పట్టి ఉంచే దొడ్డి కూడా ఆయన చేతిలోనే ఉండేది. పన్ను కోసం తలుపు కొడితే జనం ఊరుకోరు కదా, తన పక్కన నడవడానికి ఒక కుక్కను తయారుచేసుకున్నాడు. 1894లో ఆయన పోయాడు, పేరు కుక్కకు మిగిలింది.

నన్ను ఎక్కువసేపు ఆపింది మాత్రం ఈ దేశపు కుక్కే, బుల్‌మాస్టిఫ్. దీని పాత పేరు జమీందారు అడవి కాపలాదారు రాత్రి కుక్క అని చెప్పుకోవచ్చు. పందొమ్మిదో శతాబ్దంలో ఇక్కడ పొలాలు, అడవులు పెద్ద దొరలవి. కుందేళ్ళు, నెమలిలాంటి ఫెజెంట్ పక్షులు కూడా వాళ్ళవే. కూలివాడు ఆకలికి రాత్రిపూట ఒక కుందేలు పడితే దొంగతనం. 1828 చట్టం ప్రకారం మూడోసారి దొరికితే ఏడేళ్ళు సముద్రం దాటించి పంపేయొచ్చు. ఆ కూలివాణ్ణి చీకట్లో పట్టుకోవడానికి మాస్టిఫ్ బలం, బుల్‌డాగ్ పట్టు కలిపి ఈ కుక్కను చేశారు. చీకట్లో కనబడకుండా ముదురు రంగువి ఇష్టపడేవాళ్ళు. మొరగకుండా వెళ్ళి మీద పడి కింద అదిమి పట్టాలి, చీల్చకూడదు. మనిషి కోర్టుకు బతికే రావాలి కదా. 1924లో కెన్నెల్ క్లబ్ దీన్ని జాతిగా గుర్తించింది. ఇప్పుడు సోఫా మీద పడుకుని ఫొటోలు దిగుతుంది.

ఇది చదివిన రోజు నేను కాసేపు అట్లాగే కూర్చున్నా. ఇంగ్లండయినా, మా జగిత్యాలయినా, పెద్ద కుక్క గేటు లోపలివాడిదే. మనం ఎప్పుడూ గేటు బయటివాళ్ళం. నేను ఇక్కడికొచ్చిన కొత్తలో ఒక సైటులో తెల్లవారుజామున గేటు దగ్గర నిలబడితే, నా ముందు వచ్చిన ఇద్దరిని ఊరుకున్న కుక్క నన్ను చూసి గొలుసు తెంచుకునేలా మొరిగింది. కుక్క తప్పు కాదులే, నేర్పినవాళ్ళను బట్టి ఉంటుంది. కానీ అటువంటి మొరుగుడు విన్నవాడు ఇవాళ గేటు లోపలివాడై కుక్క కొందామనుకుంటున్నాడు. తప్పని అనను. ఆడపిల్ల తండ్రిని.

మనవాళ్ళకు సొంత కాపలా కుక్క లేదా అని అడిగేవాళ్ళుంటారు. ఉంది, అది కూడా తెలుగు మాట్లాడేవాళ్ళ ఊరి పేరు మీదే. దుబాయ్‌లో నాతో పనిచేసిన ఒకాయన తమిళనాడు మనిషి, కానీ ఇంట్లో తెలుగే. మన పాత పుస్తకాల్లో మాటల్లా ఉండేది ఆ తెలుగు. ఊరు రాజపాళయం. అక్కడి రాజులు విజయనగరం రోజుల్లో తెలుగుదేశం నుంచి దక్షిణానికి పోయి స్థిరపడ్డవాళ్ళు. మద్రాసు ముఖ్యమంత్రిగా 1949 నుంచి 1952 దాకా చేసిన పి.ఎస్. కుమారస్వామి రాజా ఆ ఊరివాడే. రాజపాళయం కుక్క పాలలా తెల్లగా, గులాబీ రంగు ముక్కుతో, నిలబడితే మన తొడ దాకా ఉంటుంది. దీనికే పాళెగార్ల కుక్క అని ఇంకో పేరు. పదహారో శతాబ్దంలో మధుర నాయకుడు విశ్వనాథ నాయకుడు రాజ్యాన్ని 72 పాళయాలుగా చేసి పాళెగార్లకు అప్పగించాడు. ఆ కోటల దగ్గర కాపలాకు, అడవిపంది వేటకు ఈ కుక్కలుండేవి. 1799లో కట్టబొమ్మనను కయత్తారులో ఉరి తీశారు. 1801కల్లా కంపెనీవాళ్ళు పాళెగార్లను అణచి, కోటలు కూలగొట్టి, ఆయుధాలు లాక్కున్నారు. కోట పోయాక కోట కుక్కకు పనేముంటుంది? కొందరి తోటల్లో, ఇళ్ళలో మిగిలింది. 2005లో మన పోస్టల్ శాఖ నాలుగు దేశీ కుక్కల స్టాంపులు వేస్తే అందులో ఇదొకటి. 2020 ఆగస్టులో ప్రధాని రేడియోలో దీని పేరు చెప్పాక మళ్ళీ గిరాకీ పెరిగింది.

దుబాయ్ దోస్తు ఒక మాట చెప్పేవాడు. అది ఒక్క మనిషినే నమ్ముతుంది, కొత్తవాళ్ళు చెయ్యి వేస్తే సహించదు, ఆ ఒక్క మనిషి దుబాయ్ వచ్చేస్తే వారం తిండి ముట్టదు అని. వాళ్ళ నాన్న గేటెడ్ కాలనీలో ఎవరికో పిల్లను ఇవ్వనన్నాడట. ఇంకో సంగతి, అచ్చ తెలుపే కావాలని అందరూ ఎంచుకుంటూ పోవడం వల్ల ఈ జాతిలో పుట్టు చెవుడు ఎక్కువ. కాపలా కుక్కకు చెవుడు! మనిషి చూపు కోసం కుక్క చెవి పోయింది.

ఇక చట్టం సంగతి. ఇది మనలాంటి పనివాళ్ళు తెలుసుకోవాల్సింది.

సైటు మీద కుక్క ఉంటే ఏం చేయాలో సూపర్‌వైజర్లకు తెలుసు. 1975లో గార్డ్ డాగ్స్ యాక్ట్ వచ్చింది. కాపలా కుక్కను వదిలితే దాన్ని అదుపు చేయగల హ్యాండ్లర్ అక్కడే ఉండాలి. లేదంటే తిరగకుండా కట్టేసి ఉంచాలి. ప్రతి గేటుకూ బోర్డు ఉండాలి. అంతకుముందు 1971లో లండన్ తూర్పు వైపు ఒక పాత ఇనుప సామాను యార్డులో, రాత్రిపూట లోపలికి వచ్చిన ఒక ఆడమనిషిని వదిలేసి ఉన్న అల్సేషన్ మొహం మీద కరిచింది. కింది కోర్టు సగం నష్టపరిహారం ఇమ్మంది. అప్పీలులో లార్డ్ డెన్నింగ్ బెంచి యజమాని తప్పు లేదంది. బోర్డు ఉంది, ఆమె అనుమతి లేకుండా వచ్చింది, అటువంటి యార్డుకు కుక్క ఉంచుకోవడం న్యాయమే అని. కొత్త చట్టం వచ్చాక అయితే అట్లా ఉండకపోవచ్చని కూడా అన్నారు.

ఆ 1975 చట్టం ఇళ్ళకు వర్తించదు. ఇంటికి వేరే చట్టం. 1991లో పిల్లల మీద, పెద్దల మీద వరుసగా దాడులు జరిగి పేపర్లు గోల చేస్తే డేంజరస్ డాగ్స్ యాక్ట్ తెచ్చారు. పిట్‌బుల్, జపాన్ టోసా, డోగో అర్జెంటీనో, ఫిలా బ్రసిలెయిరో, ఈ నాలుగింటిని నిషేధించారు. ఏ జాతి కుక్కయినా సరే అదుపు తప్పి మనిషిని భయపెడితేనే నేరం, కరవక్కర్లేదు. 2014 నుంచి సొంత ఇంట్లో జరిగినా నేరమే. ఇంట్లోకి దూరిన దొంగ విషయంలో కొంత మినహాయింపు ఉంది గానీ, పార్సిల్ తెచ్చిన కుర్రాడి విషయంలో లేదు. గాయమైతే ఐదేళ్ళ దాకా, ప్రాణం పోతే పద్నాలుగేళ్ళ దాకా జైలు. వీసా మీద ఉన్నవాళ్ళు ఇంకోటి గుర్తుపెట్టుకోండి. 12 నెలలు, అంతకన్నా ఎక్కువ శిక్ష పడిన విదేశీయుణ్ణి మామూలుగా దేశం నుంచి పంపేస్తారు. 2007 నుంచి చట్టం అట్లా ఉంది. అంటే మన కుక్క పొరపాటు మన పిల్లల చదువు దాకా పోతుంది.

ఫెల్టమ్ దగ్గర ఐదుగురు మన కుర్రాళ్ళు కలిసి ఒక ఇంట్లో ఉండేవాళ్ళు. అందులో ఒక తమ్ముడు లాక్‌డౌన్‌లో ఒంటరితనానికి ఒక ఎక్స్‌ఎల్ బుల్లీ పిల్లను కొన్నాడు. చెవులు కోసి ఉన్నాయి. అట్లా కోయడం ఈ దేశంలో నేరమని కూడా వాడికి తెలియదు. పిల్లగా ఉన్నప్పుడు అందరికీ ముద్దే. రెండేళ్ళకు యాభై కిలోలు దాటింది. ఐదుగురివీ ఐదు షిఫ్టులు, కుక్క వంటింట్లో. తలుపు సగం కొరికేసింది. పాపం అది మొరిగేది కాదు, తలుపు కొరికేది.

2023 సెప్టెంబర్‌లో ప్రధాని రిషి సునాక్ ఎక్స్‌ఎల్ బుల్లీని నిషేధిస్తున్నామని ప్రకటించాడు. డిసెంబర్ 31 నుంచి అమ్మడం, ఎవరికైనా ఇవ్వడం, మూతికి జాలి లేకుండా బయట తిప్పడం నేరం. 2024 ఫిబ్రవరి 1 నుంచి సర్టిఫికెట్ లేకుండా దగ్గర ఉంచుకోవడమే నేరం. సర్టిఫికెట్‌కు 92 పౌండ్ల 40 పెన్నీలు, పైగా ఇన్సూరెన్సు, మైక్రోచిప్, ఆపరేషన్. అదయినా కట్టేవాడే. ఇంటి ఓనరు కుక్క ఉందని తెలిసి ఖాళీ చేయమన్నాడు. ఆ కుక్కతో ఇంకో ఇల్లు దొరకలేదు. ఇంకొకరికి ఇవ్వడానికి చట్టం ఒప్పుకోదు. గడువులోపు కుక్కను వెటర్నరీ డాక్టరు దగ్గర చంపించేవాళ్ళకు ప్రభుత్వం 200 పౌండ్లు ఇస్తామంది. జనవరిలో వాడు నాకు ఫోన్ చేశాడు, "అన్నా, ఒక్కణ్ణి పోలేను, తోడు రా" అని. పోయాను. వెయిటింగ్ రూములో మూతి జాలితోనే అది వాడి బూటు మీద తల పెట్టి పడుకుంది. ఎవరినీ ఒక్కసారి కూడా కరవలేదు. ఆ 200కు వాడు అప్లై చేయలేదు.

ఈ కథ ఇంట్లో అప్పటిదాకా చెప్పలేదు. పాపకు మొన్న చెప్పాను. ఏడ్చింది. తర్వాత "రాట్‌వైలర్ బ్యాన్ లేదు కదా డాడీ" అంది. పదిహేనేళ్ళ పిల్ల లాజిక్కు.

అప్పుడు మా సైటులో రాత్రి కాపలాకు వచ్చే నేపాలీ అన్న గుర్తొచ్చాడు. పాత గూర్ఖా సైనికుడు, పక్కన ఒక జర్మన్ షెపర్డ్. ఒకరోజు కాంక్రీటు పోత ఆలస్యమై రాత్రి దాకా ఉంటే ఆయనతో చాయ్ తాగుతూ అడిగా, ఇంట్లోకి ఇలాంటిది ఒకటి తెస్తే ఎట్లా ఉంటుందని. ఆయన హిందీలో చెప్పింది ఇది. ఇది రోజూ నాతో పన్నెండు గంటలు నడుస్తుంది. నేను కూర్చుంటే కూర్చుంటుంది. ఇంటికి పోయాక నా మంచం కింద పడుకుంటుంది. సెలవు రోజు కూడా రెండు గంటలు తిప్పకపోతే గోడలు గీకుతుంది. మీ ఇంట్లో దీనితో ఎవరుంటారు?

ఇంటికొచ్చి కాగితం మీద గీశా, సైటులో లేబర్ షీటు గీసినట్టు. నేను ఆరు నుంచి ఆరు. ఆవిడ రెండు నుంచి పది. పాప ఎనిమిదిన్నర నుంచి మూడున్నర బడి. పొద్దున మా ఆవిడ ఇంట్లో ఉన్నా, రాత్రి పదకొండుకు పడుకున్న మనిషి వంట చేసి తయారై పోవాలి. హ్యాండ్లర్ గడిలో ఎవరి పేరూ రాయలేకపోయా. మా ఆవిడ ఆ కాగితం చాలాసేపు చూసి "గంత కుక్కను తెచ్చి వంటింట్ల పెడితే గది కూడా మన లెక్కనే అయితది" అంది. వెనక తలుపు మార్చాం, స్టీలు చట్రంతో. నేనే బిగించా. బంగారం లాకరులో పెట్టాం. అయినా పాప ఒక్కతే ఉన్నప్పుడు భయం పోలేదు, అబద్ధం ఎందుకు. మా ఆవిడ షిఫ్టు మార్చమని అడిగింది, ఇంకా మార్చలేదు.

మా పక్కింట్లో ఒక పంజాబీ ముసలామె ఉంది. భర్త పోయాక ఆమె, ఆయన పెంచిన జర్మన్ షెపర్డ్ మిగిలారు. మోకాళ్ళ నొప్పులతో ఆమె దాన్ని తిప్పలేదు. ఇప్పుడు బడి నుంచి రాగానే మా పాప వాళ్ళింటికి పోతుంది. నేను వచ్చేదాకా అక్కడే హోంవర్కు, కుక్క దాని పక్కన. శనివారాలు నేనూ కలిసి హౌన్స్‌లో హీత్‌కు తీసుకుపోతాం. ఒకప్పుడు వేల ఎకరాల బీడు అది, లండన్ నుంచి బాత్‌కు పోయే బండ్లను గుర్రపు దొంగలు ఆపి దోచిన చోటు. దొరికినవాళ్ళను అక్కడే వేలాడదీసేవాళ్ళు. ఇప్పుడు కుక్కలను తిప్పేవాళ్ళే ఎక్కువ.

పోయిన శనివారం అక్కడి నుంచే బాపుకు వీడియో కాల్ చేశాం. పాప ఫోన్ తిప్పి కుక్క మొహం చూపించింది. "గది అల్సేషనా?" అన్నాడు బాపు. మంచం మీద కూర్చున్నవాడు రెండు కాళ్ళూ పైకి తీసుకున్నాడు, ఐదువేల మైళ్ళ అవతల. పాప నవ్వింది. ఆయన నవ్వలేదు. కాసేపు దాన్నే చూసి అడిగాడు.

"దానికి తిండి ఎవలు పెడుతున్రు బిడ్డా?"